బండి దిగలేనివారికి బంకులో చోటున్నదా?

మా సంఘంలో ఒక సహోదరుడున్నారు. పేరు వ్రాయవద్దని ఆయనే కోరారు గనుక వ్రాయడం లేదు. చిన్ననాట పోలియో సోకి ఆయన రెండు కాళ్ళూ చచ్చుపడిపోయాయి. మండల కేంద్రంలో చిన్న కుట్టు దుకాణం పెట్టుకొని భార్యను, ఇద్దరు పిల్లలను పోషించుకుంటున్నారు. ఊరి నుండి దుకాణానికి పదకొండు కిలోమీటర్లు. వెనుక చక్రానికి ఇరువైపులా మరో రెండు చక్రాలు బిగించిన పాత స్కూటరు మీద రోజూ వెళ్ళి వస్తారు. చంకకర్రలు రెండూ ప్రక్కన కట్టుకొని ఆయన రోడ్డు మీద సాగిపోతుంటే, "ఈయనకు ఇక లోటేమున్నది?" అని మేమనుకునేవాళ్ళం.

గత వేసవిలో ఒకనాడు ఆయన బండి వెనుక కూర్చొని మండల కేంద్రానికి బయలుదేరాము. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగారు. మా ముందు నాలుగు బండ్లు, వెనుక అయిదారు. మా వంతు రాగానే పెట్రోలు పోసే అబ్బాయి, "అన్నా, దిగి సీటు తియ్యన్నా" అన్నాడు. ఆ బండికి టాంకు మూత సీటు క్రింద ఉన్నది. "దిగాలంటే కొంచెం టైము పడుతుంది తమ్ముడూ, ఆ కర్రలు ఇలా అందుకో" అన్నారాయన. అంతలోనే వెనుక హారన్లు మొదలయ్యాయి. "ఓ ప్రక్కకు పెట్టుకోవచ్చుగా!" అని ఎవరో కేక వేశారు.

ఆ కేకకు ఆయన కర్రల కోసం ఆగలేదు. మేము చెయ్యి అందించేలోపే హ్యాండిలు పట్టుకొని, నూనె మరకలున్న సిమెంటు నేల మీదికి జారి కూర్చున్నారు. అబ్బాయి సీటు తీశాడు, పెట్రోలు పోశాడు. అది ఒక్క నిమిషం పని. ఆయన తిరిగి బండి ఎక్కి సర్దుకొని కూర్చొనేసరికి మాత్రం చాలసేపు పట్టింది. ఉతికి ఇస్త్రీ చేసిన ప్యాంటంతా నూనె.

దారిలో మెల్లగా అడిగితే చెప్పారు. "బంకుకు వచ్చినప్పుడల్లా ఇంతేనండి అయ్యగారూ. అందుకే ఎక్కువ రాను. మా ఊరి కిరాణా కొట్టులో సీసాలో అమ్ముతారు. లీటరుకు పదిహేను రూపాయలు ఎక్కువ. అయినా బండి దగ్గరికే తెచ్చి పోస్తారు. మరీ తప్పనిసరైతే మా పెద్దవాణ్ణి ఓ పూట బడి మానిపించి వెంట తెచ్చుకుంటాను."

ప్రియ పాఠకులారా, ఈ మాట విన్న తరువాత మేము చాలసేపు మాటలాడలేకపోయాము. ఇన్నేళ్ళుగా ఎదుటనే ఉన్న సంగతి మా కంటబడలేదు. ఒక కుటుంబం పెట్రోలుకు ఎక్కువ ధర చెల్లిస్తున్నది. సీసాలో పెట్రోలు తెచ్చి పొయ్యి ఉన్న ఇంట్లో దాచుకుంటున్నది. ఒక పిల్లవాడు బడి మానుతున్నాడు. ఇదంతా ఎందుకు? బంకులో ఒక మనిషి కూర్చోవడానికి చోటు, ఆయన కోసం కొంచెం ఓపిక లేకపోవడం వలన.

ఈ విషయమై ఇతర దేశాలలో ఏమి చేశారు, మన దేశంలో ఏమున్నది, మనవంటి పల్లెవారు ఏమి చేయవచ్చును అని వెదకి చూశాము. తెలిసినది మీతో పంచుకొంటున్నాము.

కారు నడపగలరు, పెట్రోలు పోసుకోలేరు

ఒకప్పుడు అమెరికాలో కూడ మన బంకులలోవలెనే మనిషి వచ్చి పెట్రోలు పోసేవాడు. అద్దం తుడిచి, ఇంజను ఆయిలు చూసి పంపేవాడు. 1947లో లాస్ ఏంజెలెస్ నగరంలో, ఎవరి బండికి వారే పోసుకొనే బంకు ఒకటి తెరచి తక్కువ ధరకు అమ్మారు. 1964లో కొలరాడో రాష్ట్రంలో, లోపల కూర్చున్న గుమాస్తా మీట నొక్కి బయటి పంపును నడిపే పద్ధతి వచ్చింది. 1970ల నాటి చమురు కొరతలో ధరలు పెరిగేసరికి, జీతగాళ్ళను తగ్గించి ధర తగ్గించే ఈ పద్ధతి దేశమంతటా వ్యాపించింది.

కాళ్ళూ చేతులూ బాగున్నవారికి నాలుగు పైసలు మిగిలాయి. మరి కాళ్ళు లేనివారి సంగతి? అక్కడ బ్రేకును, యాక్సిలరేటరును చేతితోనే నడిపే మీట బిగించిన కార్లు ఉన్నాయి. నడవలేనివారు వాటిని చక్కగా నడుపుతారు. కాని బంకులో ఆగితే మొదట చక్రాల కుర్చీని కారులోనుండి బయటికి తీసి విప్పాలి. దానిలోకి జరగాలి. పంపు దిమ్మెకూ కారుకూ మధ్యనున్న ఇరుకు సందులో కుర్చీ పట్టాలి. తలకంటే ఎత్తులో ఉన్న మీటలను అందుకోవాలి. బరువైన గొట్టాన్ని ఎత్తి టాంకులో పెట్టి, వ్రేళ్ళతో గట్టిగా నొక్కి పట్టుకోవాలి. డబ్బు చెల్లించి, ఇదంతా తిరిగి వెనుకకు చేయాలి. వానలోనైనా, మంచులోనైనా ఇంతే. వందల మైళ్ళు నడపగలిగిన మనిషి ఈ పది అడుగుల దగ్గర ఓడిపోయేవాడు.

చట్టం ఏమి చెప్పింది?

1990 మార్చి 12వ తేదీన వాషింగ్టన్ నగరంలో, పార్లమెంటు భవనం ఎదుట అనేకమంది వికలాంగులు కూడుకున్నారు. తమ కుర్చీలను, కర్రలను క్రింద విడిచిపెట్టి, చేతులతోను మోకాళ్ళతోను ప్రాకుతూ ఆ మెట్లు ఎక్కారు. వారిలో ఎనిమిదేళ్ళ బాలిక కూడ ఉన్నది. అదే సంవత్సరం జూలై 26న అధ్యక్షుడు జార్జి బుష్ వికలాంగుల హక్కుల చట్టం మీద సంతకం చేశారు. ప్రజలందరికీ తెరచి ఉండవలసిన స్థలాల పట్టికలో ఆ చట్టం బ్యాంకు, మంగలి దుకాణం, బట్టలుతికే దుకాణం మొదలగువాటితో పాటు పెట్రోలు బంకును కూడ పేరుపెట్టి చేర్చింది.

దానిని అనుసరించి అక్కడి న్యాయశాఖ బంకులకు మూడు మాటలు చెప్పింది. మొదటిది, వికలాంగుడైన డ్రైవరు అడిగిన యెడల సిబ్బంది వచ్చి పెట్రోలు పోయాలి. రెండవది, హారను మ్రోగించి గాని మరొక విధంగా సైగ చేసి గాని సహాయం పొందవచ్చునని అందరికీ కనబడేలా బోర్డు పెట్టాలి. మూడవది, ఈ సహాయానికి అదనంగా ఒక్క సెంటు కూడ తీసుకోరాదు. ఎవరికి వారు పోసుకొనే ధరకే పోయాలి.

ఈ మూడవ మాట మాకు చాల నచ్చింది. కాలు లేనందుకు మనిషి ఎక్కువ చెల్లించనవసరం లేదన్నమాట. మా సహోదరుడు సీసాకు చెల్లిస్తున్న పదిహేను రూపాయలు జ్ఞాపకానికి వచ్చాయి.

పంపుల కొలతలు కూడ నిర్ణయించారు. 2010లో ప్రకటించి, 2012 మార్చి 15 నుండి తప్పనిసరి చేసిన నియమాల ప్రకారం మీటలు, బొత్తాలు నేలనుండి 15 అంగుళాలకు తగ్గకుండా, 48 అంగుళాలకు మించకుండా ఉండాలి. అంటే నాలుగడుగులు, కుర్చీలో కూర్చున్న మనిషి చేయి అందే ఎత్తు. ముందే కట్టియున్న దిమ్మెల మీద పెట్టే పంపులకు 54 అంగుళాల వరకు వెసులుబాటు ఇచ్చారు. మీటలు ఒక్క చేతితో, గట్టిగా పిడికిలి బిగించకుండా, మెలిపెట్టకుండా పనిచేయాలి. అయితే గొట్టం చివరి మీటను నొక్కడానికి కావలసిన బలం విషయంలో మాత్రం మినహాయింపు ఉన్నది. వ్రేళ్ళలో సత్తువ లేనివారికి అసలు కష్టం అక్కడే. అందుచేత పంపు ఎంత క్రిందికి దించినా, సహాయానికి మనిషి అవసరం తీరలేదు.

హారను వినేదెవరు?

చట్టం వచ్చినంతమాత్రాన కష్టమంతా తీరిపోలేదు. బంకులో ఒక్కరే పనిచేస్తున్న సమయంలో సహాయం చేయడం తప్పనిసరి కాదని అక్కడి నియమం. గల్లాపెట్టె విడిచి బయటికి వస్తే లోపల కాపలా ఎవరు? ఆ ఇబ్బందిని కాదనలేము. కాని రాత్రివేళ, ఊరి చివర చాల బంకులలో ఉండేది ఒక్కరే. సహాయం ఎక్కువ కావలసినదీ అప్పుడే. ఇక హారను మాట. రోడ్డు రణగొణ ధ్వనిలో, అద్దాల గదిలో కూర్చున్న గుమాస్తాకు అది వినబడవద్దా? విన్నా, అది తనకోసమేనని తెలియవద్దా? మన ఊళ్ళలోనైతే హారను గురించి చెప్పనే అక్కరలేదు; ఎవరు ఎందుకు మ్రోగిస్తారో వారికే తెలియదు!

అందుచేత కొన్నిచోట్ల ఇంకొక అడుగు ముందుకు వేశారు. ఫ్లోరిడా రాష్ట్రంలో చక్రాల కుర్చీ గుర్తుతో, బంకు ఫోను నంబరుతో నీలం రంగు చీటీ పంపు మీద అంటించాలని నియమం పెట్టారు. డ్రైవరు కారులోనుండే ఫోను చేయవచ్చు. బ్రిటనులో అలాంటి డ్రైవర్ల కోసం ఫోనులో ఒక సదుపాయం వచ్చింది. బయలుదేరే ముందే, "నేను వస్తున్నాను, సహాయానికి మనిషి ఉన్నాడా?" అని బంకును అడిగి తెలుసుకోవచ్చును.

మన తెలుగు కుటుంబాలు అనేకం నివసిస్తున్న న్యూజెర్సీ రాష్ట్రం సంగతి వేరు. అక్కడ 1949 నుండి ఎవరి పెట్రోలు వారు పోసుకోవడం నిషిద్ధం. మన బంకులవలెనే మనిషి వచ్చి పోస్తాడు. ఒరెగాన్ రాష్ట్రంలో కూడ 1951 నుండి ఇదే పద్ధతి ఉండేది. వృద్ధులకు, వికలాంగులకు కలిగే ఇబ్బంది కూడ దానికి చెప్పిన కారణాలలో ఒకటి. 2023లో ఆ నిషేధం ఎత్తివేశారు. అయినా జనం ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో సగం పంపుల దగ్గరైనా పోసే మనిషి ఉండాలన్నారు.

మనిషి ఉన్నాడు, మరి లోటేమిటి?

ఇక్కడ మనము ఒక మాట ఆలోచించాలి. అమెరికా వారు చట్టం చేసి, బోర్డు పెట్టి, హారను మ్రోగించి తెచ్చుకొంటున్న మనిషి మన బంకులో ముందునుండే ఉన్నాడు. మనకు లేనిది వేరొకటి. బండి దిగలేనివాడు కూడ బంకుకు వస్తాడన్న ఆలోచన లేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. వారిలో 1 కోటి 86 లక్షల మంది గ్రామాలలోనే ఉన్నారు. 2014లో మన దేశం పోలియో లేని దేశంగా గుర్తింపు పొందింది. అది ఎంతో సంతోషమే. కాని అంతకు ముందు ఆ వ్యాధి బారినపడినవారు నేడు మన మధ్య ఇల్లు నడుపుతున్న తండ్రులు, తల్లులు. రోడ్డు ప్రమాదాలలో, పొలం యంత్రాలలో కాలు చేయి కోల్పోయినవారు, పక్షవాతం వచ్చినవారు, మధుమేహం వలన కాలు తీసివేయబడినవారు వీరికి తోడు. బస్సు మెట్లు ఎక్కలేని వీరికి ప్రక్కచక్రాల స్కూటరే కాళ్ళు.

చట్టం మనకూ ఉన్నది. మొదట 1995లో ఒకటి వచ్చింది. దాని స్థానంలో 2016లో మరొకటి వచ్చి 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉన్నది. ప్రజలకు సేవలందించేవారు, ప్రభుత్వమైనా ప్రైవేటువారైనా, వికలాంగులకు అందుబాటులో ఉండేలా సేవ చేయాలని అది చెప్పుతున్నది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, ఈ సౌకర్యాల నియమాలు కేవలం సలహాలుగా ఉంటే చాలదనీ, తప్పనిసరి నియమాలు చేయాలనీ కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. అంటే మా సహోదరుడు బంకులో అడిగేది జాలి కాదు, హక్కు.

బండి తయారుచేసేవారి చేతిలో కూడ కొంత ఉన్నది. టాంకు మూత సీటు క్రింద ఉంటే దిగక తప్పదు. 2013లో వచ్చిన టీవీఎస్ జూపిటర్‌కు, 2020లో వచ్చిన హోండా యాక్టివా 6జీకి మూత బయటివైపున పెట్టారు. సీటు ఎత్తనవసరం లేదు. మామూలు మనిషికి ఇది చిన్న సుఖం. కాళ్ళు లేనివానికి ఇది నేల మీదికి జారనవసరం లేని బ్రతుకు. ఇటువంటి బండి కొనదలచినవారు రంగు చూసే ముందు టాంకు మూత ఎక్కడున్నదో చూడండి.

బంకులో ఏమి చేయవచ్చు?

మేము ఒక సాయంకాలం ఆ సహోదరునితో కలిసి బంకు యజమాని దగ్గరకు వెళ్ళాము. ఆయన మొదట ఒప్పుకోలేదు. "నా ఒక్కడి కోసం గొడవెందుకండి" అన్నారు. వికలాంగుల నోట తరచుగా వినబడే మాట ఇదే. అడిగి కాదనిపించుకోవడం కంటే నేల మీద జారడమే నయమనిపిస్తుంది వారికి. ఎంతో చెప్పగా వచ్చారు.

యజమాని మర్యాదగానే విన్నారు. "ఇలాంటి బండ్లవాళ్ళు మా దగ్గరకు వస్తూనే ఉంటారండి. ఎవరూ నోరు తెరచి అడగలేదు. మాకూ తట్టలేదు" అన్నారు. ఆ వారంలోనే చివరి పంపు ప్రక్కన, స్కూటరు సీటు ఎత్తున, చేతులున్న గట్టి కుర్చీ ఒకటి వేయించారు. బండి ప్రక్కన ఆ కుర్చీ పెడితే సహోదరుడు దానిలోకి జరుగుతారు. అబ్బాయి సీటు తీసి పెట్రోలు పోస్తాడు. నేల మీద కూర్చునే పని లేదు. ఖర్చు ఒక్క కుర్చీ.

ఇంతటితో అంతా బాగుపడిందని చెప్పము. ఒకనాడు కుర్చీ ఎవరో లోపలికి తీసుకుపోయారు. మరొకనాడు క్రొత్తగా చేరిన అబ్బాయికి సంగతి తెలియక, "దిగన్నా" అని గట్టిగా అన్నాడు. మరల చెప్పవలసి వచ్చింది. బంకులలో కుర్రవాళ్ళు తరచుగా మారుతుంటారు గనుక, ఇది ఒకసారి చెప్పి మరచిపోయే పని కాదు. గోడ మీద వ్రాసి పెట్టవలసిన పని.

బంకు నడిపేవారు మన పాఠకులలో ఉంటే, వారికి మా మనవి ఇది:

ఒక పంపును, వీలైతే చివరిదానిని, దిగలేనివారికి ముందుగా పోసేదిగా గుర్తించండి. వెనుకవారి హారన్లు అక్కడ ఉండవు. తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టండి. దాని ప్రక్కన గట్టి కుర్చీ ఉంచండి.

మనిషిని ముట్టుకొనే ముందు, "ఎలా సాయం చేయమంటారు?" అని అడగమని కుర్రవాళ్ళకు చెప్పండి. చంక క్రింద చేయివేసి ఒక్కసారిగా లేపితే పడిపోయే ప్రమాదమున్నది. ఎలా దిగాలో వారికే బాగా తెలుసు.

వినబడనివారు కూడ బండి నడుపుతారు. "జీరో చూసుకోండి" అని కేక వేస్తే చాలదు. మీటరు వైపు చేయి చూపించండి. చూపు మందగించినవారు వెనుక సీటులో కూర్చొని డబ్బు ఇస్తుంటే, అంకె చదివి వినిపించండి.

డబ్బు తీసుకొనే యంత్రాన్ని, కోడు కార్డును బండి దగ్గరకే తీసుకువెళ్ళండి. గాలి కొట్టే చోట కూడ ఒక మనిషి సాయం కావాలి. వంగలేనివారు చక్రం వాల్వును అందుకోలేరు. మరుగుదొడ్డి ముందు ఒక్క మెట్టు ఉన్నా చాలు, కుర్చీ ఆగిపోతుంది. అక్కడ కొంచెం సిమెంటు ఏటవాలుగా పోయించండి.

మనము ఏమి చేయవచ్చు?

మొదటిది, వరుసలో మన ముందు ఆలస్యమైతే హారను మ్రోగించకుండా ఉండడం. ఇది అందరమూ రేపటినుండే చేయవచ్చు. ఆనాడు ఆ హారన్లు మ్రోగకపోయియుంటే మా సహోదరుడు కర్రలు అందుకొని నెమ్మదిగా నిలబడియుండేవారు.

రెండవది, మన ఇళ్ళలో, మన వీధిలో అటువంటి బండి ఉన్నవారి కాగితాలు సరిచూడడం. స్కూటరుకు ప్రక్కచక్రాలు బిగించడం చట్టం దృష్టిలో వాహనాన్ని మార్చడమే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ఇటువంటి బండ్లను వికలాంగుల కోసం మార్చిన వాహనాలుగా గుర్తించింది. ఆ మార్పు ఆర్.సి. పుస్తకంలో నమోదు కావాలి. డ్రైవింగు లైసెన్సు కూడ దానికి తగినది ఉండాలి. లేని యెడల ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర చిక్కులు రావచ్చు. మా సహోదరుని బండికి ఈ నమోదు లేదని అప్పుడే తెలిసింది. రవాణా కార్యాలయానికి ఆయన వెంట మేము వెళ్ళాము. ఒంటరిగా వెళ్ళడానికి జంకే పని తోడుంటే సులువవుతుంది.

మూడవది, సీసాలలో పెట్రోలు ఇంట్లో నిలువచేయడం మాన్పించడం. దాని ఆవిరి కంటికి కనబడదు, నేలబారుగా ప్రాకి పొయ్యిని చేరుతుంది.

నాలుగవది, బంకువారు వినకపోతే అడగడం. బంకులో ఫిర్యాదుల పుస్తకం ఉంటుంది. కంపెనీ అధికారి ఫోను నంబరు బోర్డు మీద ఉంటుంది. సోమవారం కలెక్టరు కార్యాలయంలో అర్జీ ఇవ్వవచ్చును. రాష్ట్రంలో వికలాంగుల కమీషనరు కూడ ఉన్నారు. ఫిర్యాదుకు ముందు ఒకసారి నెమ్మదిగా మాటలాడి చూడండి. మాకైతే మాటతోనే పని జరిగింది.

కరెంటు బండ్లు వచ్చాక

ఇప్పుడు కరెంటు స్కూటర్లు పల్లెలకు కూడ వస్తున్నాయి. ఇంటి దగ్గరే చార్జింగు పెట్టుకోవచ్చు గనుక నడవలేనివారికి ఇది మేలే. కాని రోడ్ల మీద వెలుస్తున్న చార్జింగు స్థలాలలో చాలచోట్ల మనిషి ఉండడు. లావుపాటి తీగను ఎవరికి వారే లాగి పెట్టుకోవాలి. ఎత్తు దిమ్మె మీద యంత్రం ఉంటే కుర్చీ దగ్గరకు పోదు. అమెరికా పెట్రోలు బంకులలో జరిగిన పొరపాటే తిరిగి జరగవచ్చునని ముందే గ్రహించి, 2022లో అమెరికాలోను, బ్రిటనులోను చార్జింగు స్థలాలు ఎలా ఉండాలో మార్గదర్శకాలు ప్రచురించారు. మన దగ్గర ఇవి ఇప్పుడిప్పుడే కడుతున్నారు. కట్టేటప్పుడే చెప్పితే ఖర్చు లేదు. కట్టిన తరువాత పగులగొట్టడమే ఖర్చు.

మొన్న మేము మరల ఆ సహోదరుని బండి వెనుక కూర్చొని వెళ్ళాము. చివరి పంపు దగ్గర ఆగారు. కుర్చీ ఉన్నది. కుర్రవాడు ఎదురుగా వచ్చి, "అన్నా, కుర్చీ ఇటువైపు వెయ్యనా, అటువైపా?" అని అడిగాడు. ఆయన చేయి చూపించారు. పని ముగిసింది, బయలుదేరాము. ప్యాంటు మీద మరక లేదు. ఆయన పెద్దబ్బాయి ఎక్కడున్నాడని మేము అడిగాము.

"ఈ వేళకు బడిలో ఉంటాడండి" అన్నారు.